దాణా లెక్క

హీయుమా దీవిలో జూన్ నెల.
పొద్దు పదకొండింటికి గానీ పడమట వాలదు.
వాలినా వెళ్ళిపోదు,
గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఇంకో మాట అందుకునే చుట్టంలా
సముద్రం అంచున ఎర్రగా నిలబడే ఉంటుంది.

ఫెర్రీ దిగినవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు.
గేటుకి కట్టిన అట్టముక్క మీద నా చేతిరాత:
గుర్రాలంటే ఇష్టమున్నవాళ్ళు డేరా వేసుకోవచ్చు.
మూడు రాత్రులు. డబ్బులు వద్దు.
లద్దె ఎత్తాలి.

ఊరికే అంటే మనిషికి అనుమానం.
నా బావి నీళ్ళు తాగుతూనే అడుగుతారు,
ఎందుకు హెల్వే, నీకేం మిగులుతుంది?
తాలిన్‌లో ట్రామ్ నడిపే రైవోకి చెప్పాను,
గడ్డికోతకి చేతులు కావాలని.
లాట్వియా నుంచి వచ్చిన ముసలి పశువైద్యుడు
ఇల్గ్‌వార్స్‌కి చెప్పాను,
నా గుర్రాల పళ్ళు చూసే దిక్కు లేదని.
ఆయన నిజంగానే చూశాడు.
ఏడు నోళ్ళలోనూ చెయ్యి పెట్టి
మోచేతి దాకా చొంగతో, పెళ్ళికొడుకులా నవ్వుతూ వచ్చి
సూప్ గరిటె అందుకోబోతే
చేతులు కడుక్కోమని నలుగురం ఒక్కసారే అరిచాం.

ఫిన్లాండ్ సిర్కా ఒక జీను మోసుకొచ్చింది.
దాని గుర్రం పోయి ఆరేళ్ళట.
ఏ గుర్రం మీదా వెయ్యలేదు.
సాయంత్రం కంచె కర్ర మీద పెట్టి
నూనెగుడ్డతో తుడిచి
మళ్ళీ డేరాలోకి తీసుకుపోయింది.
నేనేమీ అడగలేదు.

రైవో కూతురు ఎలీసెకి తొమ్మిదేళ్ళు.
పుస్తకం నిండా గుర్రాలే, అన్నీ
మోకాళ్ళ దాకా గడ్డిలో.
గిట్టలు వెయ్యడం రాదంది.
దగ్గరికెళ్ళి చూడమంటే
కంచెకి ఇవతలే పది అడుగుల దూరం పెట్టుకుంది.

రెండో రాత్రి గాలి లేచింది.
డేరాలు పొంగిన రొట్టెల్లా ఉబ్బి, ఒక్కటొక్కటే పడుకున్నాయి.
దుప్పట్లతో, కెటిల్‌తో, జీనుతో
అందరం లాయంలోకి పరిగెత్తాం.
అక్కడ ముందే ఏడుగురున్నారు,
తడిసిన జూళ్ళతో,
మీకిప్పుడు తెలిసిందా అన్నట్టు చూస్తూ.

లూమి పక్కన చోటు ఖాళీగా ఉంది.
ఇరవై ఏడేళ్ళ ముసలిది, ఒక కన్ను లేదు.
పని మానేసి పదేళ్ళు,
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పుతుందా.
దాని గుడ్డివైపు కూర్చుంది ఎలీసె,
తనని చూడలేదులే అన్న ధైర్యంతో.

వాన రేకుల మీద కొడుతూనే ఉంది.
ఆ పిల్లకి మాత్రం నిజం చెప్పాను.
నాకూ తొమ్మిదేళ్ళప్పుడు, కొల్ఖోజ్ రోజుల్లో,
పాలబండి తోలే ఎంద్రిక్
బడి నుంచి ఇంటికి ఏడు కిలోమీటర్లు
తన గుర్రం మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు.
తొడలకింద ఆ వెచ్చదనం, ఆ ఊపు,
పైనుంచి చూస్తే మా ఊరు ఎంత పొట్టిదో!
టికెట్ అడగలేదు గుర్రం.
దాని పేరైనా నేను అడగలేదు.
ఇప్పుడు ఎవరికి కట్టను?

ఎలీసె ఏదో అనబోయింది.
అంతలో లూమి తల తిప్పి
తెరిచిన పేజీ మీద గట్టిగా తుమ్మింది.
పచ్చటి నురగ, నమిలిన గడ్డి,
మూడు గుర్రాలు మునిగిపోయాయి.
పిల్ల కదల్లేదు. తర్వాత
చొక్కా చేత్తో ఆ మూతి తుడిచింది, పుస్తకం కాదు.
అప్పటినుంచి తెల్లారేదాకా చెయ్యి తియ్యనే లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫెర్రీకి
అందరూ గడ్డి వాసనతో వెళ్ళిపోయారు.
సిర్కా జీను మేకుకే వేలాడుతోంది.
మరిచిందో, వదిలిందో.
కెటిల్ కింద ఎవరో ఇరవై యూరోలు దాచారు.
ఎవరో తెలిస్తే చెవి మెలేసేదాన్ని.
తిట్టుకుంటూనే వెళ్ళి ఓట్స్ బస్తా తెచ్చాను.

తలుపు లోపలివైపు ఎలీసె అంటించిన బొమ్మ:
లూమి. ఒంటికన్ను. కింద ఎక్కడా గడ్డి లేదు.
గిట్టలు వేసింది.
లెక్కపెట్టాను.
ఐదు.